కుడుముల ఆవిరిలో మొగలిదీవి

కుంభినీపురం కోటలో అన్నిటికన్నా ఎత్తయినది రాజుగారి మేడ కాదు, వంటశాల. సముద్రం మీంచి వచ్చే నావికుల కంటికి బురుజుల కంటే ముందు ఆ వంటశాల పొగగొట్టాలే ఆనేవి. ఏడు పొగగొట్టాలు, ఏడింటికీ ఇత్తడి కలశాలు, ఒక్కొక్క కలశం మీదా నోరు తెరిచిన మకరం. పొయ్యిలు రాజుకున్నాయంటే ఆ మకరాల నోళ్లలోంచి పొగ మెలికలు తిరుగుతూ ఆకాశానికి పాకేది. లోపల నూటెనిమిది పొయ్యిలు. ఏనుగుగున్నని ముంచి కడగదగ్గ రాగి గంగాళాలు. నలుగురు పట్టి ఎత్తితే గానీ లేవని రోకళ్లు. నెమలికంఠం రంగు రాళ్లు పరిచిన నేల నడుమ ఒక కాలువ పారేది. అది కొండ మీది నుంచి దిగి, వంటశాల మధ్యగా సాగి, అంట్లు తోమిన నీళ్లన్నీ కలుపుకుని, గోడ కింద తూములో దూరి మాయమయ్యేది.

ఆ రోజు పొద్దు బారెడెక్కే వేళకి, కాలువ పక్కన చివరి పొయ్యి దగ్గర ఒక ముసలమ్మ ఆవిరి కుడుములు వండుతోంది. పక్కనే ఆరడుగుల యువకుడు గొడ్డలితో కట్టెలు చీలుస్తున్నాడు.

"ఒరే శరభా, ఎవరూ చూడటం లేదు కదా?" అంది ముసలమ్మ, పెదవులు కదపకుండా.

"ఎవరూ లేరవ్వా."

"సరిగ్గా చూశావా? ఆ దోసకాయలు తరిగేవాడు ఇటే చూస్తున్నట్టున్నాడు."

"వాడికి మెల్లకన్నవ్వా. నిన్న మనం పనిలో చేరినప్పటి నుంచీ అలాగే చూస్తున్నాడు."

"మెల్లకన్నయినా కన్నే కదురా!" అని ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట కంటే భయమే ఎక్కువ తుడుచుకున్నట్టనిపించింది శరభుడికి. నవ్వాపుకుని ఇంకో కట్టె అందుకున్నాడు.

శరభుడు కట్టెలు కొట్టేవాడు కాదు. వేణుపట్టణం రేవులో పటాలకి రంగులు వేయడం అతని వృత్తి. సముద్రానికి నీలిమందు, తీరానికి రాగిచిలుము పచ్చ, కొండలకి కావి. అతనంత సన్నని కుంచె పట్టినవాడు ఆ రేవులో లేడు. అయిదు నెలల కిందట అతని భార్య కువలయ సీమంతం చేయించుకుని తొలికాన్పుకి పుట్టింటికి వెళ్లింది. పుట్టిల్లు మొగలిదీవి. మామగారే పడవ తెచ్చి తీసుకెళ్లాడు. పడవ ఎక్కబోతూ కువలయ అతని చెవిలో, "మూడో నెల నిండేలోగా రా. ఆ తర్వాతయితే నీ బిడ్డ మొదటి కేరింత ఎవర్ని చూసి కొడుతుందో నా పూచీ లేదు" అని నవ్వుతూ అంది. ఆ నవ్వుమొహమే అతను చివరిసారి చూసింది. తర్వాత పది రోజులకే మొగలిదీవి సముద్రం మీంచి మాయమైపోయింది.

మాయం చేసినవాడు కజ్జలుడనే మాంత్రికుడు. ఏదైనా దీవి మీద వాడి కన్ను పడిందంటే, ఆ దీవి పటాలు ఎక్కడున్నా వెతికి తెచ్చి కాల్చేవాడు. ఆ మసిని ఆముదంలో నూరి కాటుక చేసి కళ్లకి పెట్టుకునేవాడు. అంతటితో దీవి చుట్టూ నల్లని తెర దిగేది. లోపలివాళ్లకి బయట సముద్రం కనబడదు, బయటివాళ్లకి దీవి కనబడదు. ఆ కాటుక కళ్లకి తప్ప. అలా తొమ్మిది దీవులు సొంతం చేసుకున్నాడు. పదోది ముత్యపుచిప్పల మొగలిదీవి. దాని మీద తెర దిగింది గానీ బిగుసుకోలేదు. కారణం, అచ్చుపటం ఒక్క ప్రతి ఎక్కడో మిగిలి ఉంది. ఆ ప్రతి చేతబట్టి, దాని దారిన వెళ్లగలిగినవాడికి తెర తొలగుతుంది. ఆ ప్రతి కూడా కాలిందా, ఇక శాశ్వతంగా అంతే.

ఆ ఒక్క ప్రతి ఎక్కడుందో ఊహించగల మనిషి లోకంలో ఒక్కతే. ఆమే ఈ ముసలమ్మ, మల్లాంబ.

అరవై ఏళ్ల కిందట, పటాలంటే చేత్తో రాసుకునేవే అయిన రోజుల్లో, అన్నదమ్ములిద్దరు రాగిరేకుల మీద చెక్కి, కాగితం మీద అచ్చొత్తి, డెబ్భై రెండు పటాలతో జలధిచంద్రిక అనే పొత్తం తీసుకొచ్చారు. లోకంలో అచ్చయిన మొదటి పటాల పొత్తం అది. అన్న తీరాలు చెక్కేవాడు, తమ్ముడు అక్షరాలు చెక్కేవాడు. ఆ తమ్ముడి కూతురు మల్లాంబ. అచ్చుశాల అగ్నికి ఆహుతయ్యాక, చెదిరిపోయిన ఆ పటాల కోసం ఆమె నలభై ఏళ్లు దేశదేశాలు తిరిగింది. ఒకటి మంగలి కత్తికి చుట్టిన కాగితంలో దొరికింది. ఒకటి గాలిపటమై చింతచెట్టు కొమ్మకి చిక్కుకుని దొరికింది. ఒకటి ఒక రాణీగారి నగల పెట్టె మూతకి లోపలివైపు అంటించి ఉంటే, మూడు రోజులు జోలపాటలు పాడి ఆమె పసిబిడ్డని నిద్రపుచ్చి సంపాదించింది. అలా డెబ్భై ఒకటి వెదురు గొట్టంలో చేరాయి. చేరనిది నలభై మూడోది. అదే మొగలిదీవి.

దానికి గుడ్డిపటమని పేరు. దాన్ని నమ్మి వెళ్లిన ఓడ ఒక్కటీ దీవి చేరలేదు, రాళ్లకి కొట్టుకున్నాయి. కొన్నవాళ్లు తిరిగి తెచ్చి అచ్చుశాల గుమ్మంలో పారేసి పోయారు. ఎదురింటి అట్టల పనివాడు వాటిని ఏరుకెళ్లి, ఒకదాని మీద ఒకటి చింతగింజల జిగురుతో అంటించి, ఆ ఏడాది మూడు లావుపాటి పుస్తకాలకి అట్టలు కట్టాడు. వాటిలో రెండింటిని మల్లాంబా శరభుడూ వెతికి పట్టుకుని విప్పి చూశారు. రెండింటిలోనూ ఉత్త పంచాంగం చిత్తుకాగితాలే. మూడోది కుంభినీపురం రాజుల వంటల పుస్తకం, పాకరాజం.

ఇప్పుడా పాకరాజం పైఅట్ట, కుట్లు విప్పుకుని, మల్లాంబ కుడుముల బానలో గుడ్డ కింద పడుకుని ఉంది. దాని మీద నాలుగు కుడుములు, ఎవరైనా మూత తీస్తే కనబడటానికి.

"ఎంతసేపవ్వా?"

"కంగారు పెట్టకు, నా కంగారు నాకు చాలు. ఎక్కువసేపుంటే సిరా ఉబ్బుతుంది. ముందే లాగితే పొర చిరుగుతుంది. కుడుము ఉడికి చేతికి అంటుకోకుండా వచ్చేంత సేపు, అంతే." కుడుము మీద వేలుపెట్టి చూసి, చురుక్కుమంటే నోట్లో పెట్టుకుంది. "దింపు."

ఆవిరి కమ్మేసింది. మల్లాంబ తన వెండి కడియం అంచుతో అట్ట మూల పైకి లేపింది. చింతగింజల జిగురు మెత్తబడి పాలమీగడలా సాగింది. మొదటి పొర ఎవరిదో పెళ్లి శుభలేఖ. రెండోది, మూడోది పాత పంచాంగం. నాలుగోది ఏలలపాట. అయిదో పొర కింద నీలం తొంగిచూసింది.

ఇద్దరూ దాని మీదికి వంగారు.

ఆ పొర ఒలిచేసరికి సముద్రం బయటపడింది. అరవై ఏళ్లు చీకట్లో ఉన్న నీలం నిన్న పూసినట్టుంది. నాలుగు మూలలా బుగ్గలు పూరించి గాలి ఊదే నలుగురు వాయుదేవులు. నడుమ పదహారు రేకుల దిక్కుల పువ్వు. తెరచాపలు ఉబ్బించుకున్న ఓడని తోకతో నిమురుతున్న తిమింగిలం. పైన ఇద్దరు మత్స్యకన్యలు చెరో కొస పట్టుకున్న పట్టువస్త్రం మీద పేరు: మొగలిదీవి. ప్రతి అక్షరం చివరా ఒక చిన్న పూమొగ్గ.

"మా నాన్న మొగ్గ," అంది మల్లాంబ. ఆమె చూపుడువేలు ఆ మొగ్గకి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. "చూడరా శరభా, పటం మీద తడి పడుతోందేమో. ఆవిరా, నేనేనా?"

"నువ్వే అవ్వా. వెనక్కి జరుగు."

అప్పుడే వెనక నుంచి పిడుగులాంటి గొంతు వినబడింది. "నా పాకరాజాన్ని ఉడకబెడుతున్నారా!"

వంటపెద్ద సింగన. పొట్ట ఆయన కంటే రెండడుగులు ముందు నడిచేది. చదవడం రాకపోయినా రోజూ ఆ పుస్తకానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దండం పెట్టుకుంటే గానీ గరిటె ముట్టని మనిషి.

"ఉడకబెట్టడం కాదు నాయనా," అంది మల్లాంబ బెదురుతూ, "కాస్త ఆవిరి పడుతున్నాను. జలుబు చేస్తే మనకి పట్టుకోమూ?"

"పుస్తకానికి జలుబా! ముసలమ్మా, నాకు పొట్ట పెద్దదే గానీ బుర్ర చిన్నది కాదు. ఎవరు మీరు?"

శరభుడు గొడ్డలి కింద పెట్టి, చేతులు జోడించి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "అయ్యా, నా భార్య పురిటికి వెళ్లింది. ఆ ఊరికి దారి ఈ అట్టలో ఉంది. నాకు కొడుకో కూతురో కూడా తెలియదు."

సింగన మీసం రెండుసార్లు కదిలింది. ఆయన ఏదో అనబోయేంతలో వంటశాల గుమ్మంలో వెలుగు తగ్గింది.

గుమ్మం దగ్గర వేసిన తెల్లటి ముగ్గు చివర నుంచి మొదలుకి నల్లబడుతూ వచ్చింది. దాని మీద అడుగులో అడుగు వేసుకుంటూ, తాటిచెట్టంత పొడుగు మనిషి లోపలికి వచ్చాడు. పొగతో నేసినట్టున్న ఉత్తరీయం. మెడలో కాలిన పటాల కర్రల పిడులతో గుచ్చిన హారం. కళ్ల చుట్టూ తొమ్మిది వలయాల కాటుక, ఒక్కొక్కటి ఒక దీవి. రాజుగారి ఇంటికి జ్యోతిష్కుడి వేషంలో రాత్రి విందుకి వచ్చిన అతిథి కజ్జలుడు!

"అవిసెనూనె సిరా వాసన," అన్నాడు కళ్లు మూసుకుని, మల్లెల వాసన పీల్చినంత ఇదిగా. "పాత అచ్చు సిరా. వంటింట్లో ఈ వాసనేమిటా అని వచ్చాను." దారిలో ఉన్న పప్పు గంగాళంలో ఊరికే అలా వేలు ముంచాడు. బంగారంలా మరుగుతున్న కందిపప్పు కళ్లముందే తారులా నల్లబడింది. "ఆ కాగితం ఇటివ్వు, ముసలిదానా."

సింగన ఆ పప్పు వంక చూశాడు. కజ్జలుడి వంక చూశాడు. "నా పప్పులో మసి వేస్తావా?" అన్నాడు, ఎంతో నెమ్మదిగా.

"తప్పుకో, వంటవాడా."

"ముప్ఫై ఏళ్లలో రాజుగారు కూడా నా గంగాళంలో వేలు పెట్టలేదు!"

సింగన పక్కనున్న గంపెడు ఎండుమిరపకాయలు ఎత్తి, భగభగమండే పొయ్యిలో గుమ్మరించాడు. ఒక్కసారిగా లేచిన ఆ ఘాటు వంటశాలనంతా చుట్టేసింది. నూటెనిమిది పొయ్యిల దగ్గరా నూటెనిమిది మంది తుమ్ముతూ పరుగెత్తారు. కజ్జలుడు రెండు చేతులా కళ్లు పట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి నల్లటి కన్నీళ్లు ధారకట్టాయి. ఒక్కొక్క వలయమే కరిగి చెంపల మీదుగా జారిపోతుంటే, "నా కాటుక! నా దీవులు!" అని వాడు పెట్టిన కేకకి గోడలకి తగిలించిన గరిటెలు గలగలా రాలిపడ్డాయి.

"ఎక్కవ్వా!" శరభుడు ఖాళీ గంగాళం ఒకటి కాలువలోకి తోసి, మల్లాంబని పసిపిల్లలా ఎత్తి అందులో కూర్చోబెట్టాడు.

"పటం తడుస్తుందిరా! ఆ మూత అందుకో! ఆ అరటాకు కూడా!"

సింగన కళ్లనీళ్లు తుడుచుకుంటూనే గంగాళాన్ని ఒక్క తన్ను తన్నాడు. "పొండి! నా పుస్తకం నాకుంచారా?"

"అట్టే తీసుకెళ్తున్నాం నాయనా, పుస్తకం నీకే! నీ కడుపు చల్లగా ఉండ!" అంటూండగానే మల్లాంబ గొంతు తూములో కలిసిపోయింది.

తూములో చీకటి. గంగాళం గిర్రున తిరుగుతూ, రాతిగోడలకి తగిలి గంటలా మోగుతూ దూసుకుపోయింది. వెనక నుంచి రెక్కల చప్పుడు. కజ్జలుడు ఉమ్మిన మసి కాకులై తరుముకొస్తోంది. శరభుడు గొడ్డలి తిప్పితే కాకి పొడిగా రాలి, మళ్లీ కాకై లేస్తోంది. ముందు ఇనపకమ్మీల తలుపు. గంగాళం వెళ్లి దాన్ని ఢీకొట్టిన అదురుకి తుప్పుపట్టిన కమ్మీలు రెండు వంగాయి. శరభుడు గొడ్డలితో నాలుగు వేట్లు వేసి వాటిని పెకలించాడు. వెలుగు! ఆ వెలుగు వెంటే నేల లేకుండా పోయింది. తాటిచెట్టంత ఎత్తు నుంచి జలపాతంతో పాటు గంగాళం గాల్లోకి లేచింది.

"శరభా, నేను కళ్లు మూసుకుంటున్నా! బతికుంటే పిలువు!"

గంగాళం సముద్రంలో మునిగి, బుడగలా పైకి తేలింది. నీళ్లు తగలగానే కాకులు సిరాచుక్కల్లా కరిగిపోయాయి. రెండు బారల దూరంలో, రాళ్ల చాటున వాళ్లు కట్టేసి వెళ్లిన చిన్న తెరచాప పడవ ఊగుతోంది.

"అవ్వా, బతికే ఉన్నావు."

మల్లాంబ ఒక కన్ను తెరిచింది. ఒళ్లంతా తడిసి ముద్దయినా, రెండు అరటాకుల మధ్య పటం మాత్రం నెత్తి మీద రెండు చేతులా పట్టుకుని ఉంది. "పొడిగా ఉంది," అని గట్టిగా నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వగా శరభుడు వినడం అదే మొదటిసారి.

ఆ పగలు, ఆ రాత్రి గాలి వాళ్ల పక్షానే వీచింది. మర్నాడు తెల్లవారేసరికి వెనక ఆకాశం అంచున నల్లటి తెరచాప ఒకటి పొడిచింది. కజ్జలుడి ఓడ. ముందు, నీళ్ల మీంచి మేఘాల దాకా నిలువుగా నల్లని గోడ. దానికి తలుపు లేదు, కిటికీ లేదు. కెరటాలు కూడా దాని దగ్గరికి వెళ్లి చప్పుడు చేయకుండా ఆగిపోతున్నాయి.

మల్లాంబ పటం ఒళ్లో పరుచుకుంది. "రాళ్లు కుడివైపు. నాన్న మృత్యుదంతాలని పేరు కూడా చెక్కాడు, చూడు. దారి ఎడమవైపు. తెర మొదట్లోనే ఎడమకి కోసుకుపో."

శరభుడు చుక్కాని తిప్పాడు. పడవ ఎడమకి ఒరిగి తెరని తాకింది. తెర ఇసుమంత కూడా తొలగలేదు. బదులుగా పడవ అడుగున ఏదో గరగర రాసుకుంది. నీళ్లలోంచి మొసలి కోరలాంటి నల్లరాయి ఒకటి పక్కనే పైకి లేచి మళ్లీ మునిగింది. శరభుడు చుక్కాని మీద పడి పడవని వెనక్కి లాగాడు.

"గుడ్డిపటం," అంది మల్లాంబ. "అందరూ అన్నదే నిజం. నిన్ను ఇంత దూరం తెచ్చి..."

"ఉండవ్వా."

పడవ ఊపుకి పటం ఆమె చేతుల్లో తిరగబడింది. దాని వీపు శరభుడి వైపు ఉంది. తీరానికి పూసిన రాగిచిలుము పచ్చ అరవై ఏళ్లలో కాగితాన్ని తినుకుంటూ వెనక్కి దిగింది. ఆ రంగు గుణమే అంత, తను ఎన్ని పటాల వీపున చూడలేదు! వెనక నుంచి పచ్చటి గీతగా తీరం స్పష్టంగా కనబడుతోంది. ఆ గీతలో మృత్యుదంతాల కొస ఎడమవైపు ఉంది. ఇప్పుడు రాయి పైకి లేచింది కూడా ఎడమవైపే.

"అవ్వా, ఇటు నుంచి చూడు. వెనక నుంచి! ఇటు నుంచి చూస్తే పటం నిజమే చెబుతోంది."

మల్లాంబ చూసింది. వెనక నల్లని తెరచాప పెద్దదవుతోంది.

"పెదనాన్నా," అంది, ఆయన ఆ పడవలోనే ఉన్నట్టు. "ఎంత పని చేశావు!" తర్వాత శరభుడి వైపు తిరిగింది. "రాగిరేకు మీద అంతా తిరగేసి చెక్కాలి నాయనా. కుడిది ఎడమకి, ఎడమది కుడికి. అప్పుడే కాగితం మీద సరిగ్గా పడుతుంది. మిగతా తీరాలన్నీ సరంగులు గీసిచ్చిన బొమ్మలు అద్దంలో చూసి చెక్కాడు. దీనికి బొమ్మెందుకు? ఆయన పుట్టి పెరిగిన దీవి. పన్నెండో ఏట ఊరు వదిలి మళ్లీ వెళ్లలేకపోయాడు. కళ్లు మూసుకుని, మనసులో ఎలా ఉందో అలాగే చెక్కేశాడు. తిరగేయాలని తోచలేదు."

"మీ నాన్నగారు చూసుకోలేదా?"

"నాన్న చంటిబిడ్డగా ఉండగానే వాళ్లు వచ్చేశారు. ఆయనకి ఆ దీవి తెలియదు. అన్న చెక్కింది సరే అనుకుని, పక్కన అక్షరాలు అలవాటు ప్రకారం తిరగేసి చెక్కాడు. అచ్చయ్యాకయినా పెదనాన్న చూడాల్సింది. చూస్తే ఏడుపొస్తుందని ఆ ఒక్క పటమే ఆయన ఎప్పుడూ చూసేవాడు కాదు."

శరభుడు పటం ఎండకెత్తి పట్టుకున్నాడు. పచ్చ గీత తప్ప ఇంకేమీ వెనక్కి దిగలేదు. రాళ్ల మధ్య దారిని చూపే సన్నని చుక్కలన్నీ ముందువైపే ఉండిపోయాయి. చేతితయారీ కాగితం మందం, పైగా జిగురు. ఎండ దాటి రావటం లేదు. "చుక్కలు కనబడితేనే గానీ లాభం లేదవ్వా. అన్ని రాళ్లు, అన్ని మలుపులు. ఒక్కటి తప్పినా పోతాం."

మల్లాంబ సంచిలోంచి తల దువ్వుకునే నువ్వులనూనె బుడ్డి తీసింది.

శరభుడికి అర్థమై ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వద్దవ్వా! నూనె పడితే రంగులన్నీ కలిసిపోతాయి. ఏడాది తిరిగేసరికి కాగితం అప్పడమై పొడైపోతుంది. నలభై ఏళ్లు తిరిగావు దీనికోసం. డెబ్భై రెండూ నిండాయి కదా!"

"నిండితే ఏం చేసుకోనురా? గొట్టంలో పెట్టి మూత బిగించి, దాని పక్కన కూర్చోనా?"

"ఇదొక్కటే ప్రతి. ఇది పోతే తెర మళ్లీ పడుతుంది."

"ఏడాది ఉంటుందన్నావుగా? ఆ లోపల నువ్వు కొత్త రేకు చెక్కు. ఈసారి సరిగ్గా చెక్కు. అక్షరాలు నేను చెక్కుతాను. మొగ్గ పెట్టడం నాకూ వచ్చు." అతని చెయ్యి మెల్లగా విడిపించుకుంది. "నేను ఎన్ని రేవుల్లో ఎంతమందిని సాగనంపానో నీకు చెప్పలేదు. చెబితే ఈ పడవ చాలదు. వాళ్లెవరి దగ్గరికీ నాకు దారి దొరకలేదు. ఇది దొరికింది. వదిలి కూర్చోమంటావా?"

ఆమె అరచేతిలో నూనె వేసుకుని, పటాన్ని మోకాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, పసిబిడ్డకి వీపు రాసినట్టు మెత్తగా రాయసాగింది. నీలం మబ్బులా చెదిరింది. తిమింగిలం కరిగింది. వాయుదేవుల బుగ్గలు జారిపోయాయి. నాన్న మొగ్గ మీదికి వచ్చేసరికి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది. కాగితం అద్దమైంది. దాంట్లోంచి, ముందు నుంచి వెనక్కి, ఒక్కొక్క చుక్కా తారకలా వెలిగింది.

"కుడికి తిప్పు," అంది మల్లాంబ. "రెండు బారలు. ఇప్పుడు నిటారుగా. ఇప్పుడు ఎడమకి కొంచెం. కొంచెమే అన్నాను!"

నల్లని గోడ జలతారు తెరలా నడిమికి చీలింది. ఆ చీలిక వెంట పడవ లోపలికి జారింది. ఇరుపక్కలా కోరలు సాచిన రాళ్లు, వాటి మధ్య తివాచీలా పరుచుకున్న పచ్చటి నీళ్లు.

వెనక కజ్జలుడి ఓడ వాళ్ల వెంట పడలేదు. కాల్చేముందు ప్రతి పటాన్నీ కంఠస్థం చేసుకునేవాడు వాడు. అచ్చులో ఏముందో వాడికి కళ్లకి కట్టినట్టు గుర్తు. "రాళ్లు కుడివైపు, దారి ఎడమవైపు! వాళ్లకంటే ముందు చేరతాం!" అని వాడు నావికుల్ని అదిలించడం నీళ్ల మీంచి వినబడింది. ఓడ సర్రున ఎడమకి మళ్లింది. మరుక్షణం కొండ విరిగినట్టు చప్పుడు. తెరచాప స్తంభం పక్కకి వాలింది. నావికులు ఈదుకుంటూ రాళ్ల మీదికి ఎక్కుతున్నారు.

మల్లాంబ చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది. "శరభా, వాసన!"

ముందు మొగలిపూల వాసన వచ్చింది. దాని వెంటే దీవి కూడా కనబడింది, వాన కడిగిన ఆకులా. రెల్లు కప్పుల ఇళ్లు, ముత్యపుచిప్పలు ఆరబెట్టిన ఇసుక. తర్వాత గాలి మళ్లి ఇంకో వాసన తెచ్చింది. సన్నగా, తియ్యగా, పొగగా.

"సాంబ్రాణి," అన్నాడు శరభుడు. "గుడిలో పూజేమో."

"పూజ కాదురా పిచ్చివాడా! వాము పొగ కూడా కలిసింది, వెల్లుల్లి పొట్టు కలిసింది. పసిబిడ్డకి నీళ్లు పోసి పొగేస్తున్నారు!" అతని భుజం పట్టి ఊపేసింది. "దీవిలో ఎంతమంది బిడ్డలున్నారో నాకు తెలియదు గానీ, అదుగో ఆ ఒడ్డున అరుగు మీద చూడు, ఎవరు?"

అరుగు మీద తడిజుట్టు ఆరబోసుకున్న ఒక పడుచు, ఒళ్లో తెల్లటి గుడ్డలో మూట. ఇంకా మొహం తెలియని దూరం. అయినా ఆ తల వంచిన తీరు శరభుడికి తెలుసు. గొంతెత్తి పిలవబోయాడు. అప్పుడు వాళ్ల నెత్తి మీదుగా, వాళ్లు తెరిచిన దారినే, నల్లని కాకి ఒకటి విసురుగా దూసుకుపోయింది. కజ్జలుడి కళ్లలాగే దాని కళ్ల నుంచీ మసి కారుతోంది.

అది నేరుగా వెళ్లి ఆ అరుగు చూరు మీద వాలింది. మెడ వంచి ఒళ్లోని మూటలోకి చూసింది.

నీళ్ల మీద గాలి ఒక్క క్షణం ఆగింది. ఆ నిశ్శబ్దంలో, చిన్న వెండి గంట మోగినట్టు, పసిబిడ్డ కేరింత వినబడింది. బిడ్డ చిట్టి చెయ్యి చాచి, చూరు మీది కాకిని చూసి నవ్వుతోంది.

శరభుడు గొడ్డలి అందుకుని నీళ్లలోకి దూకాడు.